తల్లిని చూపించమనండి

"ఈసారి మంచి మార్కులొస్తే కుక్కపిల్లను తెస్త" అని మీరు బిడ్డకు మాటిచ్చే ఉంటారు. జనగామలో, మానుకోటలో, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో ఇప్పుడిది సైకిల్ కొనిస్తాననేంత మామూలు మాట. ఇచ్చిన మాట తప్పమని చెప్పను. కుక్కతో పెరిగిన పిల్లలకు ఇంకో ప్రాణి ఆకలి తెలుస్తుంది. కాకపోతే ఆ పిల్ల ఎక్కడ పుట్టింది, ఏ తల్లికి పుట్టింది అని అడగకుండా పైసలు కట్టకండి.

సాధారణంగా జరిగేది ఇదీ. ఫోన్‌కు ఒక ఫొటో వస్తుంది, మెడలో ఎర్ర రిబ్బన్ కట్టిన లాబ్రడార్ పిల్ల. "అన్నా, డబుల్ బోన్, ఫాదర్ షో క్వాలిటీ. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు కావాలంటే రేటు వేరే." ముప్పై రోజులదాన్ని రెండు నెలలదంటారు. హైదరాబాద్‌లో అట్టపెట్టెలో పెట్టి బస్సెక్కిస్తే ఆ పూటకే జనగామ బస్టాండ్‌లో దిగుతుంది. ఇంట్లో ఆ రోజు పండగే. నాలుగో రోజో ఐదో రోజో అది పాలు ముట్టదు. కక్కుతుంది. తర్వాత నెత్తురు కలిసిన నీళ్ల విరేచనాలు. అది పార్వో. ఒంట్లో చేరిన ఆ వైరస్ బయటపడడానికి చాలాసార్లు మూడు నుంచి ఏడు రోజులే పడుతుంది. అంటే మీ గడప తొక్కేనాటికే అంటుకుని ఉండొచ్చు. పశువుల డాక్టరు బల్ల మీద, వేలెడంత ముందుకాలికి టేపుతో సూది అతికించి సెలైన్ ఎక్కిస్తుంటారు. పక్కన స్కూల్ డ్రెస్సులో నిలబడ్డ పాప "డాడీ, లేస్తదా?" అని అడుగుతుంది. అమ్మినాయన ఫోన్ మాత్రం స్విచాఫ్.

ఇంత జరిగినా తల్లికంటే ఆ పిల్లే నయం. అది మనకు కనబడింది, డాక్టర్ దాకా వచ్చింది. దాని తల్లి ఎవరికీ కనబడదు. ఎదకు వచ్చిన ప్రతిసారీ కట్టించి, అరవై మూడు రోజులకు ఈనాక నెల తిరగకముందే పిల్లల్ని లాగేసి, మళ్లీ ఎద కోసం చూస్తారు. మేడ మీది రేకుల గదో, ఇంటి వెనక బాత్రూమ్ పక్క సందో దాని లోకం. ఈతలు ఆగిపోయాక రాత్రిపూట రోడ్డు పక్కన దించి పోతారు. చన్నులు వేలాడుతూ, గోళ్లు వంకర తిరిగి, వీధిలో అన్నం వెతుక్కోవడం రాని జాతికుక్కను హైవే దాబాల దగ్గర ఎప్పుడైనా చూశారా? అది తప్పిపోయింది అనుకుంటాం. చాలాసార్లు తప్పిపోయింది కాదు.

చట్టం లేక కాదు. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకం మీద నిబంధనలు తెచ్చింది. పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు దాటని ఆడకుక్కను కట్టించకూడదు, జీవితం మొత్తంలో ఐదు ఈతలకు మించకూడదు. అందుకే మొదటి ప్రశ్న రేటు గురించి వద్దు. "రిజిస్ట్రేషన్ చూపించండి, తల్లి దగ్గరికి తీస్కపోండి" అనండి. ఎవరైనా "తల్లి ఊర్లో ఉంది" అన్నారో, ఫోన్ పెట్టేయండి.

ఆ ఎనిమిది వారాల లెక్క మీ పిల్లల కోసం కూడా. తోబుట్టువులతో కొట్లాడేటప్పుడే కుక్కపిల్లకు ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో తెలిసొస్తుంది. ముందే విడదీస్తే ఆ పాఠం మీ చిన్నోడి చేతి మీద నేర్చుకుంటుంది.

ఇంట్లో '777 చార్లీ' పెట్టి చూపించండి. 2022లో వచ్చిన కన్నడ సినిమా, తెలుగులోనూ ఉంది. పెంపకందారు చెర నుంచి పారిపోయి వచ్చిన లాబ్రడార్ కథ అది. దాని క్యాన్సర్‌కు మూలం ఒకే రక్తంలో మళ్లీ మళ్లీ కట్టించడమేనని కథలోనే చెబుతారు. పిల్లలు ఏడుస్తారు, ఏడవనీయండి. మనం మాత్రం సినిమానో ప్రకటనో చూసి జాతి ఎంచుకునే అలవాటు మానలేదు. పగ్‌ను ఇప్పటికీ "హచ్ కుక్క" అనే అడుగుతాం. ఆ చప్పిడి ముక్కుతో ఎండాకాలం దానికి ఊపిరాడదు. ఇక బొగ్గుబావుల పక్కన, మే నెలలో భూపాలపల్లిలో హస్కీని పెంచుతామనేవాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచదు. కూలర్ ముందు పడుకోబెడతామంటారు, కరెంటు పోయినప్పుడో?

కొనే బదులు వీధిలో పుట్టినదాన్ని తెచ్చుకోమంటే మీకు భయమేస్తుందని తెలుసు. 2023 మేలో కాజీపేటలో వీధికుక్కల దాడిలో వలస కూలీల బాలుడు చనిపోయాడు. ఆ భయం అబద్ధం కాదు. అలాగని ఊరి కుక్కలన్నిటికీ విషం పెట్టడం దానికి మందు కాదు, చట్టం ఒప్పుకునే పనీ కాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేది ఆపరేషన్, రేబిస్ టీకా. వీధిలో ఈనిన పిల్లల్లో ఒకటి మీ ఇంటికి వస్తే, టీకా పడి, ఆపరేషన్ అయితే, ఆ వీధికి ఒక గుంపు తగ్గినట్టే.

హైదరాబాద్‌లో 1992 నుంచి జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్ ఉంది, దత్తత ఇస్తుంది. మన ఊళ్లలో మాత్రం తరచూ మీ వీధే షెల్టరు. మోరీ పక్కన ఈనిన కుక్కను గుర్తుపెట్టుకోండి. తల్లి ఉన్నంతకాలం పిల్లలను ముట్టొద్దు, తల్లికి గంజన్నం పెట్టండి చాలు. రెండు నెలలు నిండాక ఒకదాన్ని తెచ్చుకోండి. నేరుగా పరుపు మీదికి కాదు, ప్రభుత్వ పశువైద్యశాలకు. నులిపురుగుల మందు, పార్వో, డిస్టెంపర్ టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన తేదీలకు బూస్టర్లు. ఏటా జులై 6న, జునోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు.

పిల్లలకు కొన్ని మాటలు ముందే చెప్పాలి. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను కదపొద్దు. తోక లాగొద్దు. వెంటపడితే ఉరకొద్దు, చేతులు కిందికి వదిలి చెట్టులా నిలబడాలి. పన్ను గీరుకున్నా దాచకుండా ఇంట్లో చెప్పాలి. "మన కుక్కే కదా" అని వదిలేయకండి. పదిహేను నిమిషాలు సబ్బుతో, కారే నీళ్ల కింద కడిగి, ఆ రోజే సర్కారు దవాఖానకు పోండి. కారం, పసరు, సున్నం ఏదీ రుద్దొద్దు.

ఇప్పటికే జాతికుక్కను కొన్నవాళ్లు నొచ్చుకోవాల్సిన పనిలేదు, దాన్ని బాగా చూసుకోండి. అయితే ఏడాది తిరగకముందే ఎవరో ఒకరు మీ గేటు ముందు నిలబడతారు. "మీది ఫిమేలా అన్నా? మా దగ్గర మంచి మేల్ ఉంది. మేటింగ్ చేయిద్దాం, ఒక పిల్ల మాకు, మిగిలినవి మీకు. పెట్టిన పైసలన్నీ ఒక్క ఈతలో వస్తయి." మన ఊళ్లలో కుక్కపిల్లల కర్మాగారం మొదలయ్యేది సరిగ్గా ఈ మాట దగ్గరే. దుర్మార్గులెవరో పెట్టేది కాదు, మనలాంటి ఇంట్లో, ఈఎంఐ కట్టాల్సిన నెలలో మొదలవుతుంది. ఆరేడు నెలల వయసులోనే డాక్టరును అడిగి ఆపరేషన్ తేదీ తీసుకోండి. పది రోజులు కుట్లు నాకకుండా మెడకు కోన్ కట్టాలి. ఆ కాపలా పని మీ బిడ్డకు అప్పగించండి.