పాఠం 11: కాలేయంలో కొవ్వు – శోథ పాత్ర

11.0 ఉపోద్ఘాతం

కిందటి పాఠంలో మీరు జీర్ణక్రియను గురించి చదివారు. అన్నం, రొట్టె, పప్పు వంటివి జీర్ణమయ్యాక వాటి సారం పేగుల నుంచి రక్తంలో చేరి మొదట కాలేయానికి వెళుతుందని తెలుసుకున్నారు. కాలేయం ఆ సారాన్ని వాడుతుంది, నిల్వ చేస్తుంది, మిగిలిన శరీరానికి పంచుతుంది. మరి అవసరానికి మించి సారం వస్తూనే ఉంటే ఏమవుతుంది?

కడుపు స్కానింగ్ కాగితం మీద 'ఫ్యాటీ లివర్' అన్న మాట ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తోంది. దాన్ని చూసి కొందరు బెంబేలెత్తుతారు. మరికొందరు "అందరికీ ఉండేదేలే" అని కాగితాన్ని బీరువాలో పెట్టేస్తారు. రెండూ సరికావు. కొవ్వు చేరడం ఒక దశ. ఆ కొవ్వు వల్ల శోథ మొదలవడం మరో దశ. కాలేయం పాడయ్యే వేగం ఈ రెండో దశలో పెరుగుతుంది. ఆ తేడా తెలిస్తే ఎప్పుడు, ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– కాలేయంలో కొవ్వు ఎందుకు చేరుతుందో చెప్పగలుగుతారు;
– కొవ్వు శోథగా, శోథ మచ్చగా మారే క్రమాన్ని వివరించగలుగుతారు;
– రక్తపరీక్షల అంకెలతో ప్రమాదాన్ని అంచనా వేయగలుగుతారు;
– బరువు తగ్గితే కాలేయానికి కలిగే మేలును లెక్కతో చూపగలుగుతారు.

11.1 కొవ్వు ఎలా చేరుతుంది?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రాయ్‌పూర్ నుంచి మహాసముంద్ వెళ్లే దారిలో ఆరంగ్ అనే పట్టణం ఉంది. అక్కడ స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలో 44 ఏళ్ల వ్యక్తి బట్టల దుకాణం నడుపుతున్నాడు. బరువు 80 కిలోలు. ఉదయం నుంచి రాత్రి వరకు గల్లా దగ్గర కూర్చునే ఉంటాడు. రెండు పూటలా కడుపునిండా అన్నం, మధ్యలో నాలుగైదు చక్కెర టీలు, సాయంత్రం సమోసాలు. మద్యం ముట్టడు. అయినా స్కానింగ్‌లో కాలేయంలో కొవ్వు ఉందని తేలింది. "తాగని మనిషికి లివర్ జబ్బేమిటి?" అని ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు.

కారణం ఇది. అవసరానికి మించి తిని, శ్రమ చేయకపోతే పొట్ట చుట్టూ కొవ్వు పెరుగుతుంది. అప్పుడు ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినదు. పొట్టలోని కొవ్వు కరిగి, కొవ్వు ఆమ్లాలుగా రక్తంలోకి కారుతూనే ఉంటుంది. వాటిలో చాలా భాగం కాలేయానికి చేరుతుంది. ఇది చాలక, మిగిలిపోయిన చక్కెరను కూడా కాలేయం కొవ్వుగా మారుస్తుంది. నూటికి 5 లేదా అంతకంటే ఎక్కువ కాలేయ కణాలలో కొవ్వు బిందువులు నిలిస్తే దాన్ని కొవ్వు కాలేయం అంటారు.

కూర్చుని పనిచేసేవారు ఎక్కడ ఉన్నా ఈ ముప్పు ఉంటుంది. హైదరాబాదులో 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించిన అధ్యయనం 2025లో వెలువడింది. వారిలో నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు ఉన్నట్లు తేలింది. సన్నగా కనిపించేవారికి కూడా ఇది రావచ్చు.

11.2 శోథ అంటే ఏమిటి?

కాలిలో ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. దీనినే శోథ అంటారు. ఇది శరీరం చేసే రక్షణ పని. దెబ్బ తగిలిన చోటికి తెల్ల రక్తకణాలు చేరి, చెత్తను తొలగించి, గాయం మానేటట్లు చేస్తాయి. ముల్లు తీసేస్తే కొద్ది రోజుల్లో శోథ తగ్గిపోతుంది.

కాలేయంలో 'ముల్లు' ఆ కొవ్వే. అది రోజూ వచ్చి చేరుతూనే ఉంటుంది. కాబట్టి శోథ ఆగదు, ఏళ్ల తరబడి సాగుతుంది.

11.3 కొవ్వు నుంచి శోథకు

ఈ మార్పు జరిగే క్రమాన్ని గమనించండి.

1. కొవ్వు ఆమ్లాలు మితిమీరితే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఆ భారాన్ని మోయలేవు. కణానికి హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి.
2. దెబ్బతిన్న కణం బుడగలా ఉబ్బుతుంది. కొన్ని కణాలు చనిపోతూ ప్రమాద సంకేతాలను విడుదల చేస్తాయి.
3. కాలేయంలోనే కాపురముండే కావలి కణాలు కొన్ని ఉన్నాయి. వీటిని కుప్ఫర్ కణాలు అంటారు. ఇవి ఆ సంకేతాలను అందుకుని శోథను పెంచే రసాయనాలను వెలువరిస్తాయి. వాటి పిలుపుతో రక్తం నుంచి మరిన్ని తెల్ల కణాలు వచ్చి చేరతాయి.
4. పేగుల్లోని బాక్టీరియా విషపదార్థాలు, పొట్ట కొవ్వు నుంచి వచ్చే రసాయనాలు ఈ శోథకు తోడవుతాయి.

కొవ్వు ఉన్న ప్రతి ఒక్కరికీ శోథ రాదు. చాలామందిలో అది కొవ్వు దగ్గరే ఆగిపోతుంది. పొట్ట లావు, మధుమేహం ఉన్నవారిలో, వంశపారంపర్యంగా కొన్ని లక్షణాలు ఉన్నవారిలో శోథ వచ్చే అవకాశం ఎక్కువ.

మీకు తెలుసా?
మద్యం తాగని 20 మంది రోగుల కాలేయాలలో, తాగేవారిలో కనిపించేలాంటి శోథే ఉందని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు లుడ్విగ్, ఆయన సహచరులు 1980లో ప్రకటించారు. ఈ జబ్బుకు విడిగా పేరు పెట్టింది అప్పుడే. దీనికి మూలం శరీరం ఆహారాన్ని వాడుకునే తీరులోని లోపమేనని తెలిసేలా 2023లో నిపుణులు కొత్త పేరును ఎంచుకున్నారు.

పాఠగత ప్రశ్నలు 11.1
ఖాళీలను పూరించండి.
(క) కాలేయంలోని కావలి కణాలను ______ కణాలు అంటారు.
(ఖ) ముల్లు తీసేస్తే శోథ తగ్గుతుంది. కాలేయంలో తగ్గకపోవడానికి కారణం ______.

11.4 శోథ నుంచి మచ్చకు

కాలేయంలో నక్షత్ర కణాలు అనేవి మామూలుగా విటమిన్ ఎ ను దాచుకుని నిశ్శబ్దంగా ఉంటాయి. శోథ రసాయనాలు తగిలితే అవి తీరు మార్చుకుని కొల్లాజెన్ అనే నారను తయారుచేస్తాయి. చర్మం మీద గాయం మానిన చోట మచ్చ పడినట్లే కాలేయంలో నారమచ్చ పడుతుంది. దీనిని తంతీకరణం అంటారు. దీనికి 0 నుంచి 4 వరకు దశలు ఉన్నాయి. నాలుగో దశ సిర్రోసిస్. అప్పుడు కాలేయం గట్టిపడి, గడ్డలుగా మారి, పని చేయలేకపోతుంది. క్యాన్సర్ కూడా రావచ్చు.

కొవ్వు మాత్రమే ఉన్నవారిలో మచ్చ ఒక దశ పెరగడానికి సగటున 14 ఏళ్లు పడుతుందని, శోథ కూడా ఉన్నవారిలో 7 ఏళ్లే పడుతుందని అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. శోథ ఉంటే నష్టం రెట్టింపు వేగంతో నడుస్తుందన్నమాట. ఇవి సగటు లెక్కలు. కొందరిలో ఇంకా త్వరగా జరగవచ్చు.

11.5 ఎలా గుర్తించాలి?

కాలేయం లోపల నొప్పిని తెలిపే నరాలు లేవు. అందువల్ల శోథ ఉన్నా ఏ బాధా తెలియకపోవచ్చు. మామూలు స్కానింగ్ కొవ్వును చూపుతుంది కాని శోథను చూపలేదు. రక్తపరీక్షలో ఎస్.జి.పి.టి. మామూలుగా ఉన్నంత మాత్రాన శోథ లేదని చెప్పలేం. శోథను కచ్చితంగా తేల్చేది కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. అది అందరికీ అవసరం లేదు. మచ్చ పడి ఉండవచ్చా అన్నది ముందుగా 'ఫిబ్-4' అనే లెక్కతో అంచనా వేస్తారు.

ఫిబ్-4 = (వయసు × ఎస్.జి.ఓ.టి.) ÷ (ప్లేట్‌లెట్లు, వేలలో × ఎస్.జి.పి.టి. వర్గమూలం)

మన ఉదాహరణలోని వ్యక్తికి ఎస్.జి.ఓ.టి. 45, ఎస్.జి.పి.టి. 64, ప్లేట్‌లెట్లు 1,80,000 అనుకుందాం.
44 × 45 = 1980
64 వర్గమూలం 8; 180 × 8 = 1440
1980 ÷ 1440 = 1.375

35 నుంచి 65 ఏళ్ల వారికి ఈ అంకె 1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే అవకాశం ఎక్కువ. మధ్యలో ఉంటే కాలేయం గట్టిదనాన్ని కొలిచే ప్రత్యేక స్కానింగ్ చేయించాలి. ఈ వ్యక్తి మధ్యలో ఉన్నాడు. కాబట్టి అతడు కాగితాన్ని బీరువాలో పెట్టకూడదు, డాక్టరుకు చూపించాలి. ఈ లెక్క ఒక అంచనా మాత్రమే. జబ్బును నిర్ణయించేది డాక్టరే.

11.6 వెనక్కి మళ్లించవచ్చా?

మళ్లించవచ్చు. ఈ పాఠంలో ముఖ్యమైన విషయం ఇదే. బరువు ఎక్కువగా ఉన్నవారు:
– నూటికి 5 వంతులు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది;
– 7 వంతులు తగ్గితే శోథ కూడా తగ్గే అవకాశం ఉంది;
– 10 వంతులు తగ్గితే చాలామందిలో మచ్చ సైతం తగ్గుముఖం పడుతుంది.

80 కిలోల మనిషికి ఇవి వరుసగా 4 కిలోలు, 5.6 కిలోలు, 8 కిలోలు. నెలల తరబడి నెమ్మదిగా తగ్గాలి. పస్తులుండి ఒక్కసారిగా తగ్గితే కాలేయానికి చేటు.

అన్నం పూర్తిగా మానేయనక్కరలేదు. పళ్లెంలో అన్నం తగ్గించి, కూరగాయలు, ఆకుకూరలు, పప్పు పెంచండి. చక్కెర టీలు, తీపి పానీయాలు, నూనెలో వేయించినవి తగ్గించండి. వారానికి 150 నిమిషాలు వేగంగా నడవండి. మద్యం మానండి. మధుమేహం ఉంటే అదుపులో ఉంచుకోండి. కాలేయాన్ని శుభ్రం చేస్తాయని అమ్మే పసర్లు, పొడులు డాక్టరును అడగకుండా వాడకండి. వాటిలో కొన్ని కాలేయానికే హాని చేస్తాయి. 2024 నుంచి కొన్ని దేశాలలో ఈ జబ్బుకు ప్రత్యేకమైన మందులకు అనుమతి లభించింది. మందులు వాడేవారికి కూడా ఈ అలవాట్లు తప్పవు.

2021లో భారత ప్రభుత్వం ఈ జబ్బును మధుమేహం, గుండెజబ్బుల నివారణ కార్యక్రమంలో చేర్చింది. దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడగండి.

కృత్యం
టేపుతో మీ ఇంట్లో పెద్దల నడుము చుట్టుకొలత కొలిచి నోటుపుస్తకంలో రాయండి. మగవారికి 90 సెం.మీ., ఆడవారికి 80 సెం.మీ. దాటితే వారికి పరీక్ష అవసరమని చెప్పండి.

మీరేం నేర్చుకున్నారు?
– మద్యం తాగనివారికీ కాలేయంలో కొవ్వు చేరవచ్చు.
– కొవ్వు కణాన్ని గాయపరిస్తే శోథ, శోథ ఆగకపోతే మచ్చ ఏర్పడతాయి.
– శోథకు నొప్పి ఉండదు. అందుకే పరీక్ష అవసరం.
– సిర్రోసిస్ రాకముందే జాగ్రత్త పడితే కాలేయం చాలావరకు కోలుకుంటుంది.

పాఠాంత ప్రశ్నలు
1. కొవ్వు శోథగా మారే క్రమాన్ని సొంత మాటల్లో రాయండి.
2. వయసు 50, ఎస్.జి.ఓ.టి. 36, ఎస్.జి.పి.టి. 36, ప్లేట్‌లెట్లు 2,50,000 అయితే ఫిబ్-4 ఎంత?
3. 70 కిలోల వ్యక్తి శోథ తగ్గడానికి కనీసం ఎన్ని కిలోలు తగ్గాలి?

జవాబులు
పాఠగత ప్రశ్నలు 11.1: (క) కుప్ఫర్ (ఖ) కొవ్వు రోజూ వచ్చి చేరుతూనే ఉండటం.
పాఠాంత ప్రశ్నలు: 1. విభాగం 11.3 చూడండి. 2. 1800 ÷ 1500 = 1.2 (ప్రమాదం తక్కువ). 3. 4.9 కిలోలు.