ముందు పని మాట్లాడండి, తర్వాత డబ్బు

“మేస్త్రీగారూ, మొత్తం ఎంతవుతుంది?”

ఇంట్లో గోడ చెమ్మెక్కినా, కుళాయి కారినా, ఫ్యాను మొరాయించినా మనలో చాలామంది ముందు అడిగేది ఇదే. వచ్చిన మనిషి ఇంకా చెప్పులైనా విప్పలేదు, గోడ మీద చెయ్యి వేసి చూడలేదు. అయినా అడిగారు కాబట్టి ఏదో ఒక అంకె చెబుతాడు. లోపల ఏముందో తెలియని పనికి రేటు చెప్పమంటే ఎవరైనా కాస్త ఎక్కువే చెబుతారు. దాన్ని మోసం అనలేం, అది అతని జాగ్రత్త. మనం అందులో సగానికి అడుగుతాం, అతను ముప్పావుకు దిగుతాడు. బేరం మనదే అనుకుంటాం. ఇంత జరిగినా అసలు పనేమిటో మాత్రం ఎవరూ మాట్లాడలేదు!

పని తేలితే ధర చాలావరకు దానంతట అదే దారిలోకి వస్తుంది. బాత్రూమ్ అవతలి గోడకు చెమ్మెక్కి లప్పం పెచ్చులూడుతోందనుకోండి. కారణం చిన్న జాయింటే కావచ్చు, టైల్స్ మొత్తం లేపాల్సిన పనీ కావచ్చు. కనీసం ఎటువైపు చూడాలో తేల్చుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఇంకో బాత్రూమ్ ఉంటే నాలుగైదు రోజులు దీని వాడకం ఆపండి. వాడకపోయినా చెమ్మ పెరుగుతూనే ఉంటే, గోడలో ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే సప్లై పైపును అనుమానించాలి. ఆరడం మొదలైతే లోపం నీళ్లు బయటికి పోయే దారిలోనో, టైల్స్ సందుల్లోనో ఉన్నట్టు. అప్పుడు నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్‌లో గుడ్డ కుక్కి, నేల మీద అంగుళం లోతున నీళ్లు ఒక రోజు నిలబెట్టండి. మళ్లీ తడిస్తే నేల సందులు. తడవకపోతే గుడ్డ తీసి నీళ్లు వదలండి, ఆ తర్వాత తడి కనబడితే డ్రెయిన్ పైపు. వానొచ్చినప్పుడు మాత్రమే తడిసే గోడకు ప్లంబర్ ఎందుకు? బయటి పగుళ్లు పూడ్చే తాపీ మేస్త్రీ కావాలి.

ఇంత చూసి ఉంచుకున్న మనిషికీ, “ఏమో బాబూ, కారుతోంది, నువ్వే చూడు” అనే మనిషికీ ఒకే ఎస్టిమేట్ రాదు. చాలా ఇళ్లలో మేస్త్రీతో వరండాలో నిలబడి మాట్లాడేది ఇంటాయన. ఆ తడి ఏ వేళప్పుడు ఎక్కువవుతుందో, ఎన్నాళ్ల నుంచి ఉందో తెలిసింది ఇంటావిడకు. ఆవిడ్ని పిలిచి మాట్లాడనిస్తే సగం గోడలు పగలగొట్టే పని తప్పుతుంది.

ముగ్గురిని అడిగి చూడమని అందరూ సలహా ఇస్తారు. ముగ్గురికీ ఒకే పని చెప్పకపోతే ఆ మూడు రేట్లను పక్కపక్కన పెట్టి ప్రయోజనం లేదు. రంగుల పని సంగతే చూడండి. ఒకాయన పాత రంగు గీకి, లప్పం రెండు కోట్లు, ప్రైమరు, పైన రంగు రెండు కోట్లు అని లెక్క కడతాడు. రెండో ఆయన పాత రంగు మీదే ఒక చెయ్యి లాగేస్తానని మనసులో అనుకుని తక్కువ చెబుతాడు. మనం తక్కువ చెప్పినాయన్ని మెచ్చుకుని పని అప్పగిస్తాం. కాబట్టి ఏ గది, ఎన్ని కోట్లు, ఏ కంపెనీ, ఏ రకం, సామాను జరపడం, పని అయ్యాక శుభ్రం చేయడం ఎవరి వంతు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అదే కాగితాన్ని ముగ్గురికీ వాట్సాప్‌లో పంపండి.

“చదరపు అడుగుకు ఇంత” అన్నప్పుడు ఏ అడుగో అడగాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గదికి నేల 100 చదరపు అడుగులు. అదే గది పది అడుగుల ఎత్తుంటే నాలుగు గోడలు కలిపి 400, సీలింగ్ ఇంకో 100. అంటే రంగు పడేది 500 చదరపు అడుగులకు. నేల కొలతకు రేటు అనుకుని మీరు, గోడల కొలతకు అనుకుని అతను సరేననుకుంటే చివరి రోజు గొడవ ఖాయం. తలుపులు, కిటికీల కొలత తీసెయ్యాలా అన్నది ఇంకో తగువు. ఇలాంటి పనులు కొలవడానికి ఐఎస్ 1200 అనే భారతీయ ప్రమాణం ఉంది. అర చదరపు మీటరు లోపు ఖాళీలకు అందులో తగ్గింపే లేదు. అంతకు మించి మూడు చదరపు మీటర్ల దాకా ఉంటే, గోడకు రెండు వైపులా అదే పని చేసినప్పుడు ఒక వైపు మాత్రమే తగ్గిస్తారు. అంచుల దగ్గర పడే చాకిరీ ఆ రెండో వైపులో సరిపోతుందని లెక్క. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు తలుపు దాదాపు రెండు చదరపు మీటర్లు. కాబట్టి పెయింటర్ తలుపు కొలతను పూర్తిగా తీసెయ్యలేదని మండిపడక్కర్లేదు.

రోజుకూలీకా, గుత్తకా? కొలవగలిగిన పని గుత్తకు, కొలవలేనిది రోజుకూలీకి ఇవ్వడం మేలని నా అభిప్రాయం. టైల్స్ వేయడం, రంగులు వేయడం కొలతకు అందుతాయి. గోడలో ఎక్కడో ఉన్న లీకు వెతకడం అందదు. గుత్తకిస్తే పని పరుగెడుతుంది, నాణ్యత మీద మీ కన్నుండాలి. రోజుకూలీకిస్తే పని నిదానిస్తుంది, అప్పుడు గడియారం మీద కన్నుండాలి. ఎటు పోయినా ఇంట్లో ఎవరో ఒకరు ఉండక తప్పదు.

సామాను దగ్గరే అందరికీ అనుమానాలు. కొన్ని హార్డ్‌వేర్ షాపులు ప్లంబర్లకు, ఎలక్ట్రీషియన్లకు కమీషన్ ఇస్తాయన్నది వీధిలో అందరికీ తెలిసిందే. దాని గురించి రుసరుసలాడకుండా లిస్టు రాయించుకోండి: వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లదా, 2.5దా, ఎన్ని 90 మీటర్ల చుట్టలు, పైపు సీపీవీసీనా యూపీవీసీనా, ఏ సైజు, ఏ కంపెనీ, ఐఎస్ఐ గుర్తు ఉందా లేదా. ఆ లిస్టుతో రెండు షాపులకు ఫోన్ చేస్తే చాలు, అసలు ధర తెలిసిపోతుంది. వేడి నీళ్ల లైనుకు యూపీవీసీ రాసిచ్చిన ప్లంబర్‌ను అక్కడే ఆపండి, అది చల్లనీళ్ల పైపు. మిగిలిన సామాను వెనక్కి తీసుకుంటారేమో షాపులో ముందే అడగండి. మార్చిన పాత వస్తువు మీ చేతికే ఇవ్వాలని కూడా ముందే అనుకుంటే, మార్చకుండానే మార్చామనే అవకాశం ఉండదు.

చిన్న పనుల్లో మాత్రం మన వైపు నుంచే అన్యాయం ఎక్కువ జరుగుతుంది. ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే చాలాసార్లు తప్పు కెపాసిటర్‌ది. వస్తువు వంద రూపాయల లోపే, పని పది నిమిషాలు. దానికి మూడొందలా అని ఎలక్ట్రీషియన్ మీదకు లేస్తాం. అతను బండి వేసుకుని వచ్చాడు, పోయేసరికి గంట. మధ్యలో ఖాళీగా పోయిన రోజుల కూలీ అతనికి ఎవరిస్తారు? రేటు తగ్గాలంటే దారి వేరే ఉంది. వదులైన స్విచ్చు, కారే కుళాయి, బిగుసుకుపోయిన గడియ, అన్నీ ఒక చీటీలో రాసుకుంటూ ఉండి ఒకేసారి పిలవండి. రాకపోకల ఖర్చు అన్నింటి మీదా పంచుకుపోతుంది. ఆంధ్రాలో సంక్రాంతి ముందు, తెలంగాణలో దసరా ముందు పెయింటర్ దొరకడమే గగనం. అదే పని పండగ వెళ్లాక మాట్లాడితే వాళ్లే ఫోన్ చేస్తారు.

రేట్ల మీద ఓ అంచనా కావాలంటే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ పనుల కోసం తయారు చేసుకునే ఎస్ఎస్ఆర్ పట్టికలు చూడొచ్చు. మేస్త్రీ కూలీ, సామాను ధరలు అందులో ఉంటాయి. పెద్ద పనుల లెక్క అది. దాన్ని చూపించి కుళాయి బాగుచేసే మనిషితో వాదనకు దిగితే నవ్వుతాడు.

ఎస్టిమేట్ పెరిగేది ఎక్కువగా గోడ పగలగొట్టాకే. అందుకే ఈ ప్రశ్న పని మొదలవకముందే వెయ్యాలి: “మేస్త్రీగారూ, లోపల ఇంకేదైనా బయటపడితే ఎలా? రేటు చెప్పి, నేను సరే అన్నాకే ముందుకెళ్దాం, సరేనా?” ఇందులో కోపం లేదు, అనుమానమూ లేదు. అయినా ఈ మాట అనడానికి మనకు నోరు రాదు. ముందు మొహమాటపడి, చివర్లో అరిచే అలవాటు మనది. పది రోజులు చాయ్ ఇచ్చి, నవ్వుతూ మాట్లాడి, లెక్క తేల్చే రోజున “ఇదేంటి ఇంతా!” అంటాం. అవతలి మనిషికి అది దెబ్బే. మొదట్లో రెండు నిమిషాలు ఇబ్బందిగా గడిస్తే, చివరి రోజు ఇద్దరూ తేలిగ్గా ఉంటారు.

డాలస్‌లో ఉండి గుంటూరులో అమ్మానాన్నల ఇల్లు బాగుచేయించేవాళ్లకు ఇది మరీ అవసరం. వీడియో కాల్‌లో గోడ కనిపిస్తుంది కానీ చెమ్మ కనిపించదు. టేపు పెట్టి తీసిన ఫొటోలు, కొలతలు అడగండి. డబ్బు మాటలు నాన్నగారి మీద వదిలేయకుండా నేరుగా మీరే మాట్లాడండి.

అడ్వాన్సు సామానుకు సరిపడా ఇవ్వండి. తర్వాతిది పని సగమయ్యాక, చివరి వాయిదా నీళ్లు వదిలి, స్విచ్చులు వేసి చూసుకున్నాక. చివరి వాయిదాను మాత్రం రేపు, ఎల్లుండి అని తిప్పకండి. యూపీఐలో పంపితే ఏ పనికో అక్కడే రాయొచ్చు, అదే రుజువు. బిల్లులో జీఎస్టీ వేస్తే జీఎస్టీ నంబరు అడగండి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ వసూలు చేయకూడదు. డబ్బు తీసుకుని పని పాడుచేసినా, మధ్యలో మాయమైనా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. డబ్బిచ్చి చేయించుకునే సేవ కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికే వస్తుంది. వాట్సాప్‌లో పంపిన కాగితం అప్పుడు అక్కరకొస్తుంది.

గోడ పూడ్చే ముందు లోపలి పైపులు, వైర్లు కనిపించేలా, పక్కన టేపు పెట్టి ఫొటోలు తీసి ఉంచండి. ఏ తేదీన, ఎవరు, ఎంతకు చేశారో కూడా ఆ ఫొటోలతోపాటే రాసుకోండి. ఈసారి వచ్చే మేస్త్రీకి ఆ ఫొటో చూపిస్తే, వెతకడానికి గోడ పగలగొట్టే ఖర్చు ఎస్టిమేట్‌లో ఉండదు.