కవలల ప్రహసనం – వెండితెర రూపాలు

1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థుల చేత ఆడించిన నాటకాలలో ‘చమత్కార రత్నావళి’ ఒకటి. షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు అది తెలుగు రూపం. అంతకు పూర్వమే, 1869లో, వంగదేశంలో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు ఆ నాటకాన్నే ‘భ్రాంతివిలాసం’ అనే వచన కథగా వెలయించారు. వితంతు వివాహాలకై నిందలు మోసిన ఆ పండితులిద్దరూ నవ్వించడానికి ఒకే కథను చేపట్టడం ముచ్చటైన విషయం.

ఓడ ప్రమాదంలో విడిపోయిన కవల సోదరులు ఇద్దరు. వారి సేవకులూ కవలలే. యజమానులది ఒకే పేరు, సేవకులదీ ఒకే పేరు. ఒక జంట నివసించే పట్టణానికి రెండవ జంట రావడంతో పొరపాట్ల పరంపర మొదలవుతుంది. రోమన్ నాటకకర్త ప్లాటస్ రచనలో కవలల జంట ఒక్కటే. సేవకుల జంటను చేర్చి చిక్కును రెట్టింపు చేసినవాడు షేక్‌స్పియర్.

విద్యాసాగరుల కథ ఆధారంగా 1963లో ఉత్తమ్ కుమార్, భాను బందోపాధ్యాయ ద్విపాత్రలలో బెంగాలీ చిత్రం వచ్చినది. 1968లో కిశోర్ కుమార్, అసిత్ సేన్‌లతో హిందీలో ‘దో దూనీ చార్’, 1982లో గుల్జార్ దర్శకత్వంలో ‘అంగూర్’, 1997లో కన్నడంలో ‘ఉల్టా పల్టా’ వెలువడినవి. కన్నడ చిత్రం పిమ్మట తెలుగులోనికీ వచ్చినది.

రంగస్థలం మీద కవలలు చివర ఎదురుపడాలి గనుక సాధారణంగా ఇద్దరు నటులు అవసరం. వారికి పోలిక లేకున్నా, ఉన్నదని ప్రేక్షకుడు ఒప్పుకొని కూర్చుంటాడు. చలన చిత్రంలో నటుడు ఒక్కడే. కటకంలో సగం మూసి ఒక పాత్రను చిత్రించి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, రెండవ సగంలో మరొక పాత్రను చిత్రించేవారు. పోలిక సంపూర్ణమయ్యేసరికి కొత్త ఇబ్బంది పుట్టినది: పాత్రలే కాదు, ప్రేక్షకుడే తికమకపడతాడు. 1964 నాటి ‘రాముడు భీముడు’లో ఈ ఇబ్బంది లేదు, అన్నదమ్ములలో ఒకడు పిరికి, మరొకడు ధీరుడు. ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే తెలుగు విద్యార్థి మిత్రులతో కలసి ‘అంగూర్’ చూస్తే, ఈ భేదమే మొదట అతని కంట పడుతుంది.

‘అంగూర్’లో సంజీవ్ కుమార్ ఈ చిక్కును వేషంతో గాక స్వభావంతో విడదీశాడు. గృహస్థుడైన అశోక్ విసుగుదల మనిషి. వచ్చిన అశోక్ అపరాధ పరిశోధక నవలల పిచ్చివాడు. పలకరించిన ప్రతివాడూ దొంగల ముఠా మనిషేనని అనుమానిస్తాడు. మూల నాటకంలో ఆ పరదేశి పట్టణమంతా మంత్రగాళ్ళతో నిండి ఉన్నదని భయపడతాడు. మంత్రాల భయం స్థానే నవలల భయాన్ని నిలపడం, నా దృష్టిలో, ఈ చిత్రాలన్నింటిలోకీ మేలైన మార్పు. నేటి పట్టణవాసి మంత్రగాడిని నమ్మకపోవచ్చు. అపరిచితుణ్ణి అనుమానించడం మాత్రం అతనికి సహజమే. దేవేన్ వర్మ పోషించిన బహాదూర్‌ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ నటనకు ఫిల్మ్‌ఫేర్ పురస్కారం లభించినది.

అయితే ‘అంగూర్’ వదలుకొన్నదీ ఒకటి ఉన్నది. మూలంలో కవలల తండ్రి ఏజియన్ శత్రునగరవాసి అయినందున పట్టుబడతాడు. సూర్యాస్తమయంలోగా ధనం చెల్లించకుంటే మరణశిక్ష. నవ్వులన్నీ ఆ గడువు నీడలోనే సాగుతాయి. ‘అంగూర్’లో ఆ శిక్ష లేదు, అందువలన నవ్వు స్వచ్ఛమైనది, కాని చివరి కలయికలో కంటి తడి తగ్గినది.

సేవకుల దెబ్బల మాట మిగిలినది. ఎలిజబెత్ కాలపు ప్రేక్షకుడు వాటికి పగలబడి నవ్వాడు. షేక్‌స్పియర్ మాత్రం తెర దించే ముందు ఆ కవల సేవకులనే రంగం మీద మిగిల్చాడు. లోనికి ఎవరు ముందు వెళ్ళాలి, పెద్దవాడెవరు అని కాసేపు వాదించుకొని, తేలక, చేయి చేయి పట్టుకొని ఇద్దరూ ఒక్కసారే లోనికి పోతారు.