మర్యాద వేరు, మౌనము వేరు
(వైద్యుని యెదుట రోగి మాట్లాడవలసిన తీరు – అధ్యయన పాఠము)



ఈ నెల పాఠము మన ఆరోగ్యమునకు సంబంధించినది. కసురుకొనే వైద్యుని యెదుట, లేక మన మాట చెవిని పెట్టని వైద్యుని యెదుట రోగి ఏమి చేయవలెను? ఈ పాఠము పూర్తిచేసిన తరువాత ప్రతి కుటుంబములోను ఒక్కరైనా మర్యాద తప్పకుండా, ప్రశ్న విడిచిపెట్టకుండా మాట్లాడగలగాలని నా ఉద్దేశము.

1. జరిగిన సంగతి

ఇది మా ఇంటి సంగతి. నా భార్య అనుమతితోనే వ్రాస్తున్నాను. మేము బరంపురములో స్థిరపడిన కుటుంబము. 2014వ సంవత్సరము వేసవిలో ఒక ఉదయము ఆమె, "ఎద మీద బరువు పెట్టినట్టున్నది, దవడ లాగుతున్నది, నాలుగు మెట్లెక్కితే ఊపిరి అందడం లేదు" అన్నది. ఆమెకు అప్పటికి పదేళ్ళుగా చక్కెర వ్యాధి ఉన్నది. ఒక వైద్యుని దగ్గరకు తీసికొని వెళ్ళాను.

ఆయన తల యెత్తకుండానే ఒడియాలో "ఏమిటి?" అన్నారు. ఆమె తెలుగులో చెప్పిన మూడు మాటలను నేను ఒక్క మాటగా కుదించి, "ఛాతీలో బాగాలేదట, తిన్నది అరగడం లేదేమో" అన్నాను. ఆ "అరగడం లేదేమో" అన్నది ఆమె మాట కాదు, నా ఊహ. ఆయన గ్యాసుకు మాత్రలు వ్రాశారు. ఆమె నా చొక్కా లాగి, "దవడ సంగతి చెప్పండి" అన్నది. "సార్, ఇంకొక మాట..." అన్నాను. "డాక్టరు నువ్వా, నేనా? బయట ఎంతమంది ఉన్నారో చూశావా?" అని ఆయన కసురుకున్నారు. నేను చేతులు జోడించి లేచి వచ్చేశాను.

మూడవ రాత్రి ఆమెకు ఒళ్ళంతా చెమటలు పట్టి, పడుకుంటే ఊపిరాడలేదు. 108 బండిలో పెద్ద ఆసుపత్రికి చేర్చాము. గుండెపోటు వచ్చి రెండు మూడు రోజులైనదని అక్కడ చెప్పారు. దేవుని కృపవలన ఆమె బ్రతికినది. కాని గుండె కండరము కొంత దెబ్బతిన్నది. ఈనాటికీ గుడి మెట్ల దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకొని గాని లోపలికి రాలేదు.

ఆసుపత్రిలో ఆమె నన్ను ఒక్క ప్రశ్న అడిగినది: "ఆయన కసిరితే మీరెందుకు లేచారు?" ముప్పది అయిదేళ్ళు తరగతిలో పిల్లలకు, "తెలియకపోతే లేచి అడగండి" అని చెప్పినవాడిని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

2. మనము ఎందుకు మాట్లాడము?

మొదటి కారణము, పెద్ద చదువు చదివినవారి యెదుట నోరెత్తరాదనే అలవాటు. దానిని మనము మర్యాద అనుకుంటాము. కాని మర్యాద వేరు, మౌనము వేరు. ప్రశ్న అడిగితే వైద్యునికి అవమానము జరుగదు. అడుగకపోతే రోగికి నష్టము జరుగవచ్చును.

రెండవది భాష. మన పిల్లలు ఇక్కడి బడులలో చదివి స్థానిక భాష మనకంటె చక్కగా మాట్లాడుతారు. ఇంట్లోని పెద్ద స్త్రీలకు మాత్రము నొప్పి తెలుగులోనే వస్తుంది. ఒక్క ఉదాహరణ: తెలుగులో "ఆయాసము" అంటే ఊపిరి అందకపోవడము. కన్నడములో "ఆయాస" అంటే అలసట. కర్ణాటకలో మన అమ్మగారు "ఆయాసము" అంటే వైద్యుడు బలానికి మందు వ్రాసినా ఆశ్చర్యము లేదు. తప్పు ఇద్దరిదీ కాదు. కాబట్టి జబ్బు పేరు కాదు, జరుగుతున్న పని చెప్పవలెను: "నాలుగు మెట్లెక్కితే ఊపిరి అందడం లేదు."

అయితే భాష ఒక్కటే కారణము కాదు. యానాము నుండి కాకినాడకు వెళ్ళే మనవారికి వైద్యుడు తెలుగువాడే. అక్కడా చేతులు జోడించి లేచి వచ్చేవారు ఉన్నారు.

వైద్యుల పక్షమున కూడా ఒక మాట చెప్పాలి. ఒక్క పూటలో వంద మందిని చూడవలసి వచ్చినప్పుడు ఎంతటి మంచివారికైనా ఓర్పు తగ్గుతుంది. వారి కష్టము మనము గ్రహించవలెను. కాని వారి తొందర మన రోగము తగ్గించదు గదా!

3. ఇంటివద్ద చేయవలసినవి

(అ) ఒక కాగితము మీద మూడు సంగతులు వ్రాయండి: ఏమి బాధ, ఎప్పటినుండి, ఏమి చేస్తే ఎక్కువవుతుంది. అన్నిటికంటె భయపెట్టే బాధను మొదట వ్రాయండి. చివరికి దాచుకుంటే సమయము చాలదు.

(ఆ) వాడుతున్న మందుల చీటీలు, పాత పరీక్షల కాగితములు ఒకే సంచిలో పెట్టుకోండి.

(ఇ) తోడు వెళ్ళేవారు రోగి మాటను ఉన్నదున్నట్టు చెప్పవలెను. కలుపరాదు, తగ్గించరాదు. నేను చేసిన తప్పు ఇదే.

4. గదిలో అడుగవలసిన మూడు ప్రశ్నలు

"ఇది ఏమై ఉండవచ్చును సార్? ఇంకేమైనా కావచ్చునా?"
"అది కాదని తెలుసుకొనుటకు ఏ పరీక్ష చేయాలి?"
"ఏ గుర్తు కనబడితే వెంటనే రావాలి?"

వైద్యుడు కసురుకుంటే గొంతు పెంచవద్దు. "మీ సమయము తీసుకుంటున్నాను, క్షమించండి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే వెళ్తాము" అని కూర్చున్న చోటనే చెప్పండి. లేవవద్దు. పరీక్ష అవసరము లేదంటే, "ఆ మాట చీటీ మీద వ్రాసి ఇవ్వండి" అని నెమ్మదిగా అడగండి. వ్రాయవలసి వచ్చినప్పుడు చాలామంది మరొకసారి ఆలోచిస్తారు.

స్త్రీలలోను, చక్కెర వ్యాధి ఉన్నవారిలోను, వృద్ధులలోను గుండెపోటు తీవ్రమైన ఛాతీనొప్పి లేకుండానే రావచ్చును. దవడ, వీపు, చెయ్యి లాగడము, ఊపిరి అందకపోవడము, చెమటలు, వాంతి వచ్చినట్టుండడము మాత్రమే కనబడవచ్చును. అప్పుడు ఇసిజి అడగండి. అది కొద్ది నిమిషముల పని. మొదటి ఇసిజి మామూలుగా ఉన్నా బాధ తగ్గకపోతే మరల తీయవలెను, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా చేయవలెను. ఇటువంటి గుర్తులు కనబడితే చిన్న క్లినిక్కు వరుసలో కూర్చోవద్దు. 108కి ఫోను చేయండి.

5. అయినను వినకపోతే

మరొక వైద్యుని అభిప్రాయము తీసుకొనుట ద్రోహము కాదు. జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రములో అది ఒక హక్కు. పురుష వైద్యుడు స్త్రీని పరీక్షించునప్పుడు మరొక స్త్రీ దగ్గర ఉండుట కూడా అందులోనిదే.

భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారము, రోగి గాని, రోగి అధికారమిచ్చిన తోడు మనిషి గాని అడిగినప్పుడు వైద్య రికార్డులు 72 గంటలలో ఇవ్వవలెను. నోటిమాటగా కాక వ్రాతపూర్వకముగా అడిగి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

ప్రవర్తన మరీ మితిమీరితే మొదట ఆసుపత్రి సూపరింటెండెంటుకు వ్రాయండి. తరువాత రాష్ట్ర వైద్య మండలి ఉన్నది. డబ్బు తీసికొని చేసిన వైద్యములో లోపము వలన నష్టము కలిగితే వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చును. ఆ దారి 1995లో సుప్రీంకోర్టు తీర్పు వలన స్థిరపడినది. అయితే కసురుకున్నందుకు మాత్రమే అక్కడ పరిహారము వస్తుందని ఆశించవద్దు. తేదీ, సమయము, అన్న మాట అదే రోజున వ్రాసిపెట్టుకోండి. కేకలు వేయుట తగదు, చెయ్యి చేసుకొనుట నేరము. అంతేకాదు, న్యాయము మన పక్షమున ఉన్నా దానిని పోగొట్టుకుంటాము.

6. సంఘముగా మనము

రోగిని పరామర్శించి, ప్రార్థించి, పండ్లు ఇచ్చి వస్తున్నాము. మంచిదే. దానితో పాటు స్థానిక భాష బాగా వచ్చిన ఇద్దరు యౌవనస్థులు, అందులో ఒక సహోదరి, ఆసుపత్రికి తోడు వెళ్ళుటకు ముందుకు రావలెను. ఒంటరిగా ఉన్న విధవరాండ్రకు, వృద్ధులకు ఇది మందు వంటిది. మా సంఘములో ఈ ఏర్పాటు చేసుకున్నాము. నా భార్య నెలనెలా పరీక్షకు వెళ్ళేటప్పుడు ఒక కాలేజీ అమ్మాయి తోడు వెళ్తుంది. ఆ అమ్మాయి కాగితము చూచి చదువుతుంది, జవాబు వచ్చేదాకా కుర్చీలోనుండి లేవదు. నేను బయట బల్ల మీద కూర్చుంటాను.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన ఇంట్లో ఎవరు తమ బాధను స్థానిక భాషలో చెప్పలేరు? వారికి తోడు ఎవరు?
2. గత సారి వైద్యుని దగ్గర అడుగకుండా వచ్చిన ప్రశ్న ఏమిటి?
3. పై మూడు ప్రశ్నలను మీ స్థానిక భాషలో వ్రాసి, కూడికలో ఒకరితో ఒకరు పలికి అభ్యాసము చేయండి.