డేరాలు కుట్టువారి యొద్ద పాఠము

పఠన భాగము: అపొ. కార్యములు 18:24–28

ఎఫెసునకు వచ్చిన అపొల్లో సామాన్యుడు కాడు. అలెక్సంద్రియ వంటి విద్యానగరమున పుట్టినవాడు, గొప్ప వక్త, లేఖనములలో ఆరితేరినవాడు. అతడు సమాజమందిరములో ధైర్యముగా బోధించుచుండగా ప్రిస్కిల్ల, అకుల అను దంపతులు వినిరి. వారి వృత్తి డేరాలు కుట్టుట. అతడెరిగినది యోహాను బాప్తిస్మము మాత్రమేయని వారు గ్రహించిరి. అయినను నలుగురిలో ఆక్షేపింపక, అతనిని చేర్చుకొని, కొరతగానున్న దానిని నేర్పిరి. అపొల్లో బదులు పలికినట్లు లూకా ఒక్క మాటయు వ్రాయలేదు. పండితునికి ఆ మౌనము ఎంత కష్టమో పండితులకే తెలియును.

మన తెలుగు బైబిలు చరిత్రలోను ఇట్టి దృష్టాంతమొకటి గలదు. ఇంగ్లాండులో చెప్పులు కుట్టిన విలియం కేరీ 1793లో వంగదేశమునకు వచ్చి, 1801 నుండి కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో భాషలు బోధించెను. కలకత్తాకు ఉత్తరమున, హుగ్లీ తీరమందలి సేరంపూరులో ఆయనయు సహచరులును ముద్రణాలయము నడిపిరి. 1812 మార్చి 11న అది అగ్నికి ఆహుతి ఆయెను. తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి, బహుభాషా నిఘంటువు, ఏండ్ల తరబడి చేసిన అనువాదములు బూడిదయ్యెను. కేరీ 46వ కీర్తన 10వ వచనము మీద ప్రసంగించి, దేవుని అధికారమునకు లోబడుట మన విధియని చెప్పి, మరల కలము పట్టెను. ఆ వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను వెలువడెను.

ఆ అనువాదము నిలువలేదు. ఇతర అనువాదములు దాని స్థానమును పొందెను. దాని పుటలు నేను మొదట చదివిన దినమున పెన్సిలు చేతబట్టి తప్పుల పట్టిక వ్రాయసాగితిని. కాగితము నిండినకొలది నా మనస్సు ఉల్లసించెను. సగము దినము గడచిన పిమ్మటగాని, నా యెదుటనున్నది మత్తయి 5వ అధ్యాయమని, దీనులను గూర్చిన ప్రభువు మాటలని స్ఫురింపలేదు. వాటిలోని క్రియాపదములను పరీక్షించితిని గాని, ఆ మాటలచేత నేను పరీక్షింపబడలేదు. డాక్టరు పట్టము పొందిన యేండ్లలో నాకు కలిగిన సిగ్గులలో ఇది పెద్దది.

చదువులేమియే వినయమని కొందరందురు. అది సోమరితనమునకు తొడిగిన తెల్లని అంగీ. అపొల్లో తన విద్యను విడువలేదు. దానితోనే అకయకు వెళ్లి విశ్వాసులకు మిక్కిలి సహాయపడెను. కేరీయు 1801లో అచ్చయిన తన బెంగాలీ క్రొత్త నిబంధనను వృద్ధాప్యము వరకు దిద్దుచునే యుండెను. తన పని తప్పులు లేనిదని తలంచువాడు ముప్పది యేండ్లు దానిని దిద్దునా?

ధ్యానమునకు: 1 కొరింథీ 8:1–3 చదువుడి. మీరు వాక్యమును గ్రహించిన తీరును చివరిసారి సరిదిద్దినవారెవరు? వారు మీకంటె తక్కువ చదివినవారైనయెడల, ఆ దినమున మీరేమని బదులిచ్చితిరి?