ఇంజనుకీ ఊపిరి కావాలి



బండి దేనితో నడుస్తుంది అని అడిగితే మనం పెట్రోలుతో అనో డీజిలుతో అనో చెప్తాం. అది సగం జవాబే. మిగతా సగం గాలి. బోర్లించిన గ్లాసు కింద కొవ్వొత్తి ఎలా ఆరిపోతుందో సైన్సు క్లాసులో చూశాం కదా. ఇంజనులోనూ అంతే. గాలి అందకపోతే డీజిలు ఎంత పోసినా మండదు. వేసవి సెలవుల్లో మా మావయ్య పాత జీపుకి తక్కువ ఖర్చులో గాలి గొట్టం అమర్చాం. నేను పక్కనుండి సాయం చేశాను. ఆ పని గురించే ఈ వ్యాసం.

ఎంత గాలి కావాలి?

1 కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 1 లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. అంటే దానికి 11 కిలోల గాలి. 1 ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.2 కిలోలు. లెక్క కడితే 1 లీటరు పెట్రోలుకి 9,000 లీటర్ల గాలి! మేడ మీద పెట్టే 1,000 లీటర్ల నీళ్ల ట్యాంకులు తొమ్మిది ఊహించుకోండి. గాలిలో మంటకి పనికొచ్చే ఆక్సిజన్ 21 శాతమే. అందుకే అంత పీల్చాలి.

చల్లగాలి ఎందుకు?

వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుందని చార్లెస్ నియమంలో చదువుకున్నాం. బయట 30 డిగ్రీలు, బానెట్ లోపల 60 డిగ్రీలు అనుకోండి. కెల్విన్‌లోకి మారిస్తే 303, 333. 303ని 333తో భాగిస్తే 0.91. అంటే అదే చోటులో 9 శాతం గాలి తక్కువ పడుతుంది. కొండమీద ఇంకో లోటు కూడా ఉంది. అరకు లోయ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పీడనం పదో వంతు తక్కువ. ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఆయాసపడటానికి అదీ ఒక కారణమే.

ఒక మాట. చాలా బండ్లకు కంపెనీ వాళ్లే బయటి గాలి అందేలా గొట్టం పెడతారు. వాటికి మనం చేయాల్సిందేం లేదు. మావయ్య జీపుకి ఆ గొట్టం ఎప్పుడో విరిగిపోయింది. ఫిల్టరు డబ్బా ఇంజను పక్కన ఉన్న వేడి గాలినీ, చక్రాలు లేపిన దుమ్మునూ పీలుస్తోంది.

మేం చేసిన విధానం

1. ముందుగా ఫిల్టరు డబ్బా మూతి కొలిచాం. రెండున్నర అంగుళాలు ఉంది. గొట్టం లోపలి వెడల్పు అంతకన్నా తగ్గకూడదు. సన్నటి బొప్పాయి కాడతో నీళ్లు పీల్చి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

2. బోరు పనిలో మిగిలిన పీవీసీ గొట్టం ముక్క, రెండు బెండులు తీసుకున్నాం. రంపంతో కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, లోపలి పొడి పోయేలా కడిగి ఆరబెట్టాం.

3. గొట్టాన్ని పొగ గొట్టానికి దూరంగా నడిపించాం. పీవీసీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది.

4. డబ్బా దగ్గర అతుకుకి పాత రేడియేటర్ రబ్బరు గొట్టం ముక్క తొడిగి, రెండు పక్కలా క్లిప్పులు బిగించాం. నడిచేటప్పుడు ఇంజను అదురుతుంది. మధ్యలో రబ్బరు లేకపోతే పీవీసీ పగిలిపోతుంది. మేం కొన్నది ఈ క్లిప్పులు మాత్రమే.

5. రెండో కొసని బానెట్ పక్కనుంచి ముందు అద్దం అంచు దాకా ఎత్తి, వాన పడకుండా మూతి కిందికి వంచాం. ఎండుటాకులు పోకుండా ఇనుప జాలి కట్టాం.

ఫిల్టరుకీ ఇంజనుకీ మధ్య ఉన్న గొట్టం మాత్రం ముట్టుకోలేదు. అక్కడ చిన్న సందు పడినా దుమ్ము నేరుగా లోపలికి పోతుంది.

మూతి ఎత్తుగా ఎందుకంటే, వాగు దాటేటప్పుడు నీళ్లు పీలిస్తే ఇంజను పని అయిపోయినట్టే. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అలాగని గొట్టం ఉంది కదా అని పొంగే వాగులో దిగకూడదు. నీటి జోరు బండినే తోసుకుపోతుంది.

ఫిల్టరు తీస్తే పికప్ వస్తుందా?

కొందరు డ్రైవర్లు అలా అంటారు. ఈ జీపుని మావయ్యకి అమ్మినాయన ఫిల్టరు లేకుండానే సంత రోడ్డు మీద తిప్పాడు. మట్టిలో ఉండే ఇసుక రేణువులు ఇనుము కన్నా గట్టివి. అవి సిలిండరు గోడల్నీ పిస్టన్ రింగుల్నీ అరగదీస్తాయి. కంప్రెషన్ తగ్గుతుంది, ఆయిలు తాగుతుంది, నీలం పొగ వస్తుంది, చలిలో స్టార్టు కాదు.

మావయ్య కొన్న ఏడాదే ఒక చలికాలం రాత్రి మా పక్క ఊళ్లో ఒకావిడకి నొప్పులొచ్చాయి. జీపు ఎంతకీ స్టార్టు కాలేదు. చివరికి డోలీ కట్టి తారు రోడ్డు దాకా మోసుకెళ్లారు. అదృష్టం కొద్దీ తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. తర్వాత ఇంజను బోరింగు చేయించడానికి మావయ్యకి ఆ ఏడు పసుపు అమ్మిన డబ్బంతా అయిపోయింది. కాబట్టి గొట్టం చౌకగా చేసుకోండి, ఫిల్టరు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. దాని బదులు పాత గుడ్డో స్పాంజో కట్టకండి. సన్న దుమ్ము దాంట్లోంచి పోతుంది, ఒక్కోసారి గుడ్డ ముక్కే లోపలికి పోవచ్చు. కాగితం ఫిల్టరుని నీళ్లతో కడగకూడదు, పాడైతే కొత్తది వేయాలి. పాత జీపులకీ ట్రాక్టర్లకీ ఉండే ఆయిల్ ఫిల్టరు డబ్బాలో అడుగున మడ్డి పేరితే ఆయిలు మార్చాలి.

తెల్లగుడ్డ పరీక్ష

పని అయ్యాక వారం రోజులు బండి నడిపి, ఇంజను ఆపి, ఫిల్టరు తర్వాత గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకి ఎర్రమట్టి అంటితే ఎక్కడో అతుకు వదులుగా ఉన్నట్టు. మా గుడ్డకి మట్టి అంటలేదు.

స్పీడు పెరిగిందా అని మీరు అడుగుతారు. తేడా తెలియలేదని మావయ్యే చెప్పాడు. కానీ ఇదివరకు ప్రతి సంతకీ ఫిల్టరు డబ్బా విప్పితే అడుగున మందంగా మడ్డి ఉండేది. ఇప్పుడు నెల దాటినా అంత పేరుకోవడం లేదు. మా లాభం అదే.

గమనిక: కొత్త కార్లలో గాలిని కొలిచే సెన్సార్ ఫిల్టరు తర్వాత గొట్టంలో ఉంటుంది. అక్కడ గొట్టం వెడల్పు మారిస్తే లెక్క తప్పుతుంది. వాటి జోలికి పోకండి.

మీకు ఒక లెక్క: నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది. 2 లీటర్ల ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి కావాలి? జవాబు వచ్చే సంచికలో.

— 9వ తరగతి విద్యార్థి