ఒకే జాంగో ప్రాజెక్ట్‌లో రెండు డేటాబేస్‌లు: చిరాగ్‌పల్లి చెక్‌పోస్ట్ ఉదాహరణతో

పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారిలో, కర్ణాటక దాటి తెలంగాణలోకి రాగానే చిరాగ్‌పల్లి వస్తుంది. ఏళ్ల తరబడి ఇక్కడ రవాణా శాఖ చెక్‌పోస్ట్ నడిచింది. దాన్ని ఊహించుకుని ఒక ప్రాక్టీస్ ప్రాజెక్ట్ చేద్దాం. ఇది అసలు ప్రభుత్వ సిస్టమ్ కాదు, నేర్చుకోవడానికి మాత్రమే.

మనకు రెండు డేటాబేస్‌లు ఉన్నాయి. ఒకటి చెక్‌పోస్ట్‌ది, అందులో రసీదులు ఉంటాయి. రెండోది వాహనాలది, అందులో ఏ బండికి ఎంత టాక్స్ బకాయి ఉందో ఉంటుంది. టేబుల్స్‌ని పైథాన్ క్లాసుల్లా వాడుకోనిచ్చే ఓఆర్ఎం జాంగోలోనే ఉంది. 2010లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి ఒకటి కంటే ఎక్కువ డేటాబేస్‌లకు సపోర్ట్ కూడా ఉంది.

స్టెప్ 1: కనెక్షన్లు
సెట్టింగ్స్ ఫైల్‌లోని డేటాబేసెస్ డిక్షనరీలో చెక్‌పోస్ట్‌కి డిఫాల్ట్ అని, రెండోదానికి వాహనాలు అని పేరు పెట్టండి. క్వెరీ రాసేటప్పుడు యూజింగ్ మెథడ్‌కి ఆ పేరు ఇస్తే, క్వెరీ ఆ డేటాబేస్‌కే వెళ్తుంది.

స్టెప్ 2: రూటర్
ప్రతిసారీ యూజింగ్ రాస్తూ కూర్చుంటే ఎక్కడో ఒకచోట మర్చిపోతాం. అందుకే రూటర్ క్లాస్ రాసుకోవాలి. ఏ మోడల్‌ని ఎక్కడ చదవాలి, ఎక్కడ రాయాలి, ఏ మైగ్రేషన్ ఎక్కడ నడవాలి అన్నది అదే చెప్తుంది. మైగ్రేట్ కమాండ్ ఒకసారికి ఒక్క డేటాబేస్ మీదే నడుస్తుంది. పేరు ఇవ్వకపోతే డిఫాల్ట్ మీదే.

స్టెప్ 3: ఫారిన్ కీ ఆశ వదిలేయండి
రెండు డేటాబేస్‌ల మధ్య ఫారిన్ కీని జాంగో సపోర్ట్ చేయదు. రసీదులో బండి నంబర్‌ని మామూలు టెక్స్ట్‌గానే దాచండి. స్పేస్‌లు, గీతలు తీసేసి ఒకే పద్ధతిలోకి మార్చే ఫంక్షన్ ఒకటి పెట్టుకోండి. నంబర్ కోడ్ చూసి రాష్ట్రం మాత్రం తేల్చకండి. జహీరాబాద్ రోడ్ల మీదే చూడండి: ఉమ్మడి మెదక్ రోజుల ఏపీ 23, సంగారెడ్డి టీఎస్ 15, 2024లో వచ్చిన టీజీ 15, అన్నీ కనిపిస్తాయి. ఏపీ అని ఉంది కదా అని పక్క రాష్ట్రం బండి అనుకుంటే తప్పులో కాలేసినట్టే.

స్టెప్ 4: అసలు చిక్కు
డ్రైవర్ టాక్స్ కట్టాడు. ఇక్కడ రసీదు పడాలి, అక్కడ బకాయి తీరాలి. "అటామిక్ బ్లాక్‌లో పెట్టాను, సేఫ్" అనుకుంటాం. కానీ పేరు ఇవ్వని అటామిక్ డిఫాల్ట్‌ని మాత్రమే కాపాడుతుంది. వాహనాల డేటాబేస్‌లో రాసింది వెంటనే ఖాయమైపోతుంది.

పోనీ ఒకదానిలో ఒకటిగా రెండు అటామిక్‌లు పెడితే? అప్పుడూ రెండు కమిట్‌లు ఒకదాని తర్వాత ఒకటే జరుగుతాయి. లోపలి రసీదు కమిట్ అయ్యాక బయటిది ఫెయిలైతే, మొదటిదాన్ని వెనక్కి తీసుకోలేం. డబ్బు కట్టిన డ్రైవర్‌ని తర్వాతి చెక్‌పోస్ట్‌లో మళ్లీ ఆపుతారు. తప్పు మన కోడ్‌ది, తిప్పలు అతనివి.

స్టెప్ 5: పరిష్కారం
ఒక ట్రాన్సాక్షన్‌లో ఒక్క డేటాబేస్‌లోనే రాయండి. చెక్‌పోస్ట్ డేటాబేస్‌లో రసీదుతో పాటు "పంపాల్సినవి" అనే టేబుల్‌లో ఒక వరుస కూడా పెట్టండి. రెండూ ఒకేచోట ఉన్నాయి కాబట్టి పడితే రెండూ పడతాయి, లేకపోతే ఏదీ పడదు. తర్వాత వేరే జాబ్ ఆ వరుసలు చదివి, వాహనాల వైపు బకాయి తీర్చి, పూర్తయిందని మార్క్ చేస్తుంది. మధ్యలో కరెంట్ పోయినా వరుస అక్కడే ఉంటుంది, జాబ్ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒకే వరుస రెండుసార్లు వెళ్లే అవకాశం ఉంది కాబట్టి రసీదు నంబర్‌ని కూడా పంపి, వాహనాల వైపు దానికి యూనిక్ నియమం పెట్టండి.

ప్రాక్టీస్‌కి రెండు ఎస్‌క్యూలైట్ ఫైల్స్ చాలు. రసీదు పడ్డాక జాబ్‌ని కావాలనే మధ్యలో ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. బకాయి ఒక్కసారే తీరితే మీ కోడ్ పాసైనట్టే.